గుట్టెక్కిన జగిత్యాల కోట

నేను సిరిసిల్లలో ఏడో తరగతికి సోషల్ చెప్తాను. ఇంటర్నెట్‌లో కనబడిందల్లా నమ్మొద్దని, మూడు సైట్లలో ఒకే మాట ఉంటేనే రాసుకోమని పిల్లలకు నేర్పాను. ఈ రోజు జగిత్యాల కోట మీద ప్రాజెక్టులు తెచ్చారు. అందరూ ఒకటే రాశారు, కోట ఎత్తైన గుట్ట మీద ఉందని. కింద మూడేసి సైట్ల పేర్లు. నేను సంతోషంగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

శ్రావణి మాత్రం ఖాళీ పేజీ ఇచ్చింది. వాళ్ల నాన్న సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఎందుకు రాయలేదని అడిగాను.

“కోట గుట్ట మీద లేదు సార్, నేల మీదనే ఉన్నది. మా మేనత్తోళ్లది జగిత్యాలనే, నేను చూసిన.”

“మూడు సైట్లల్ల గట్లనే ఉన్నది గదా బిడ్డా.”

“మూడు తానులల్ల ఒక్క జాగలనే పోగు తప్పితే, మూడూ ఒక్క బీముకు చుట్టిన నూలుతోనే నేసినయని మా నాయిన అంటడు. గిది గూడ ఎవలో ఒక్కలు తప్పు రాసిండ్రు సార్, మిగతోళ్లు ఎత్తి రాసుకున్నరు.”

పెట్టిన టిక్కులన్నీ కొట్టేశాను. ఆ కోట నేనూ చూసిందే మరి.

సాయంత్రం నుంచి ఇంకో అనుమానం పట్టుకుంది. మూడు సైట్లు చూడాలన్న నియమం నాకెక్కడ దొరికిందా అని వెతికితే, ఒకే ఒక్క వాట్సాప్ మెసేజ్ తేలింది. మీక్కూడా వచ్చిందా? వస్తే ఎవరు పంపారో చెప్పండి, బీము ఎక్కడుందో చూద్దాం.