పుట్టింటి పాఠం, అత్తింటి పరీక్ష

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. బాన్సువాడ చుట్టుపక్కల ఇంగ్లీషు టీచర్లకు ఆన్‌లైన్ కోర్సుల సైటు వాడడం నేర్పే పని నాకు పడింది అలాగే. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను, అంతే. ఒకసారి స్టాఫ్‌రూమ్‌లో ప్రింటర్ మొరాయిస్తే వైరు పీకి మళ్ళీ పెట్టాను, అది కదిలింది. ఆ రోజు నుంచి మా హెడ్మాస్టరు దృష్టిలో నేను కంప్యూటర్ మనిషిని. శిక్షణకు ఒకరిని పంపమని పైనుంచి ఆర్డరు రాగానే ఇంకో ఆలోచన లేకుండా నా పేరు రాసి పంపారు. జిల్లా కేంద్రంలో రెండు రోజులు ఆ సైటు చూపించి, ఇక వెళ్ళి మీ వాళ్ళకు నేర్పండి అన్నారు.

పాఠాలు, వీడియోలు, పరీక్షలు, మార్కులు అన్నీ ఆ సైటులోనే ఉంటాయి. టీచరు ముందు తానొక కోర్సు చదివి, చివర్న పరీక్ష రాయాలి. తన పిల్లల కోసం సొంతంగా ఒక కోర్సు తయారు చేసి అందులో పెట్టాలి. రెండూ అయితే సర్టిఫికెట్టు. మా బడి కంప్యూటర్ గదిలో మొదలుపెట్టాము. యాసంగి నాట్ల రోజులు. నిజాంసాగర్ నీళ్ళు వదిలారు. పొలం ఉన్న సార్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఏం పెట్టారంటే ఒకాయన, మా ఆవిడ పెట్టింది, ఆమె కూలీల దగ్గరుంది అన్నాడు.

ఆ సైటులో చర్చ కోసం ఒక చోటు ఉంది. తరగతిలో మీకు ఎదురయ్యే కష్టం ఒకటి రాయండి అని అక్కడ ప్రశ్న పెట్టి టీకి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే మొదటి జవాబు 'గుడ్ మార్నింగ్ మేడం'. దాని కింద 'నోటెడ్ మేడం'. ఆ కింద అందరివీ నోటెడ్, నోటెడ్. వాట్సాప్‌లో పెద్దసార్లు ఏది పంపినా అదే కొట్టి కొట్టి మా వాళ్ళకు వేలు దానంతటదే అటు పోతుంది. కష్టం ఏమిటయ్యా అంటే నోటెడ్ అంటారేమిటని నవ్వాను, వాళ్ళూ నవ్వారు.

ఒక్క జవాబు మాత్రం వేరేగా ఉంది. మా పిల్లలు చదవమంటే చదువుతారు, మాట్లాడమంటే లేచి నిలబడి నేల చూస్తారు, నేనూ అలాగే నేల చూస్తూ పెరిగాను, వాళ్ళ తల పైకి ఎలా ఎత్తాలో నాకు తెలియడం లేదు అని తేలిక ఇంగ్లీషులో రాసి ఉంది. ఎవరని చూస్తే చివరి వరసలో కూర్చున్న అమ్మాయి. నస్రుల్లాబాద్ వైపు ఆడపిల్లల హాస్టల్ బడిలో కాంట్రాక్టు మీద చెప్తుంది. తల్లి బీడీలు చుట్టి చదివించిందట.

మా పర్మినెంటు వాళ్ళకు సర్టిఫికెట్టు రాకపోతే మహా అయితే ఒక మెమో వస్తుంది, ఫైల్లో పడి ఉంటుంది. ఆమెకు అలా కాదు. వేసవి సెలవుల్లోపు సర్టిఫికెట్టు చూపిస్తేనే వచ్చే ఏడాదికి కాంట్రాక్టు పొడిగిస్తారని ప్రిన్సిపాల్ ముందే చెప్పేసింది. అందుకని ఆ అమ్మాయి అందరికంటే ముందు పాఠాలన్నీ వినేసింది. తన పిల్లల కోసం చేసిన కోర్సులో పాఠాలన్నీ తన గొంతుతో చదివి పెట్టింది. హాస్టల్లో ఎక్కడ చూసినా గోల కాబట్టి బియ్యం బస్తాల గదిలో కూర్చుని రికార్డు చేసిందట. ఒక పాఠం మధ్యలో వంటామె వచ్చి ఉప్పు ఎక్కడుందని అడగడం కూడా వినిపిస్తుంది. తీసేయమంటావా అని నేనడిగితే, వద్దు మేడం, పిల్లలకు అదే ఇష్టం అంది.

చిక్కు ఎక్కడ వచ్చిందో చెప్తాను. మొదటిరోజు అందరం మా అంతట మేమే సైటులో చేరాము. ఆధార్‌లో ఉన్నట్టు పేరు కొట్టమంది. ఆమె ఆధార్‌లో పుట్టింటి పేరు ఉంది. కొన్నాళ్ళకు పైనుంచి కొత్త లాగిన్లు వచ్చాయి, పరీక్ష వీటితోనే రాయాలన్నారు. అవి బడుల రికార్డుల్లోంచి తీసినవి. పెళ్ళయ్యాక ఉద్యోగంలో చేరింది కాబట్టి ఆమె బడి రికార్డులో అత్తింటి పేరు ఉంది. మగవాళ్ళ ఇంటిపేరు ఎక్కడికి పోతుంది? వాళ్ళ పాత లాగినూ కొత్తదీ వాటంతటవే కలిసిపోయాయి. నా సర్వీసు పుస్తకంలో మా నాన్న ఇంటిపేరే ఉండిపోయింది కాబట్టి నావీ కలిసిపోయాయి. ఆమె ఒక్కతే ఇద్దరయింది. పుట్టింటి పేరున్న ఆమె పాఠాలన్నీ విన్నది, పరీక్ష రాయలేదు. అత్తింటి పేరున్న ఆమె పరీక్ష పాసయింది, ఒక్క పాఠమూ వినలేదు. ఇద్దరికీ సర్టిఫికెట్టు లేదు.

మళ్ళీ వినమందామంటే, పరీక్ష అయిపోయినవాళ్ళకు పాఠాలు తెరుచుకోవు. మళ్ళీ రాయమందామంటే, పాత లాగిన్‌తో పరీక్ష తెరుచుకోదు. అడకత్తెరలో పోకచెక్క అంటే నాకు ఆ రోజు అర్థమయింది.

"పాఠాలు ఇన్నది నేనే, పరీక్ష రాసింది నేనే. గా ఇద్దర్ని ఒక్కదగ్గర కలపరాదా మేడం?" అంది, నా పక్కన నిలబడి తెరలోకి చూస్తూ.

కలిపే బటన్ ఉంది. నా తెర మీద అది బూడిద రంగులో ఉంది, అంటే నాకు కనపడుతుంది గానీ పని చేయదు. అయినా రెండుసార్లు నొక్కాను. ఫికర్ చేయకు, నేను చూస్తానన్నాను. చూడడానికి నా చేతిలో ఏముంది? సైటులో సాయం అడిగే చోట రాస్తే మీ సమస్య చేరింది అని జవాబు వచ్చింది, కొన్నాళ్ళకు పరిష్కరించబడింది అని ఇంకోటి వచ్చింది. తెరిచి చూస్తే ఆ ఇద్దరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. జిల్లాలో అడిగితే పైవాళ్ళను అడగమన్నారు, పైవాళ్ళు సైటు నడిపేవాళ్ళను అడగమన్నారు, సైటువాళ్ళ నంబరుకు చేస్తే పాట వినిపించింది. గోడకు మొరపెట్టుకున్నా కాస్త మర్యాదగా ఉండేది. ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద మండాలో కూడా తెలియలేదు.

ఆమె బడికి వెళ్ళి ప్రిన్సిపాల్‌ను కలిశాను. ప్రిన్సిపాల్ చెడ్డ మనిషి కాదు.

"గామె తీరు చెప్పేటోళ్ళు నాకు మల్ల దొర్కుతరా మేడం? కని పైన అడిగేది కాయిదం. నేనేం జేయాలె?" అంది. ఇద్దరం చెరో కుర్చీలో కూర్చుని టీ తాగాము. టీ తప్ప ఇంకేమీ కాలేదు.

బయట వరండాలో ఆ అమ్మాయి నా కోసం ఆగి ఉంది. నా మొహం చూసే తెలుసుకుంది.

"పెండ్లయినప్పుడే ఆధార్‌ల పేరు మార్పియ్యమన్నరు మేడం. మా బాపు పోయిండు, నాకు అన్నదమ్ములు లేరు. ఆయన ఇంటిపేరు నా దగ్గర మిగిలింది గీ కార్డుల ఒక్కటే. ఉండనీయి అనుకున్న," అంది. మళ్ళీ తనే, "ఇప్పుడు మార్పిస్తే కలుస్తయా?" అని అడిగింది.

కలుస్తాయని ఎలా చెప్పను? కలవవని మాత్రం ఎలా చెప్పను? ఏమో తెలియదమ్మా అన్నాను. అది నిజమే, కానీ మునిగిపోయే మనిషికి ఆ నిజం ఏం పనికొస్తుంది?

ఆమె వెళ్ళి మార్పించుకుంది. కొత్త కార్డు పట్టుకుని మా బడికి వచ్చింది. అందులో అత్తింటి పేరు నల్లగా స్పష్టంగా ఉంది. సైటు తెరిచాము. ఆధార్ పేరును అది చేరిన రోజు ఒక్కసారే తీసుకుంటుందట, మళ్ళీ చూడదట. తెర మీద ఇద్దరు ఆడవాళ్ళు అలాగే పక్కపక్కన ఉన్నారు. ఆమె కార్డును చీరకొంగుతో తుడిచి పర్సులో పెట్టుకుంది. ఏడవలేదు. ఇగ పోయొస్త మేడం అంది. నాకే ఏడుపొచ్చింది.

జూన్‌లో ఆ బడికి వేరే టీచరు వచ్చింది, సర్టిఫికెట్టు ఉన్నామె. ఈ అమ్మాయి బిచ్కుందలో ఒక బట్టల దుకాణంలో కూర్చుంటుందని విన్నాను. ఆమె చేసిన కోర్సు మాత్రం సైటులో అలాగే ఉంది, పుట్టింటి పేరు మీద. హాస్టల్ పిల్లలు ఇప్పటికీ వింటున్నారు. శిక్షణ ఇచ్చినదాన్ని కాబట్టి ఎంతమంది విన్నారో నాకు కనపడుతుంది. ఆమె రెండు లాగిన్లూ మూసేశారు కాబట్టి ఆమెకు కనపడదు.

మొన్న ఆ ఉప్పు పాఠం కింద ఒక పిల్ల ఇంగ్లీషులో రాసింది. మేడం, ప్రేయర్‌లో అందరి ముందు మాట్లాడాను, నేల చూడలేదు, మీరు మళ్ళీ ఎప్పుడు వస్తారు అని. జవాబు రాసే వీలు ఇప్పుడు నాకు ఒక్కదానికే ఉంది. నీకు నచ్చిన మేడం రాదమ్మా అని రాయడానికి చేతులు రాలేదు. వస్తుందని అబద్ధం రాయడానికీ రాలేదు. చివరికి 'నోటెడ్' అని కొట్టి సైటు మూసేశాను.