దస్తగిరి కుర్చీల లిఫ్టు

సౌదీలో ఖమీస్ ముషైత్ ఊరి అవతల కొండ మీద ఊరివాళ్ళ పార్కు ఒకటుంది. లోయ మీదుగా అటు కొండకు మనుషుల్ని మోసే కుర్చీల లిఫ్టు అందులో ఉండేది. దాని మెకానిక్కు కడప జిల్లా దస్తగిరి. మోటారు మూలిగితే గ్రీజు పూసేవాడు. కప్పీ అరిగిపోతే పాత సామాన్లలోంచి ఇంకో అరిగినదాన్ని ఏరి బిగించేవాడు. ఆపైన ప్రపంచానికి తనొక్కడే మెకానిక్కయినట్టు మీసం దువ్వుకునేవాడు. గొప్పలకు పన్నేమీ లేదుగా!

మేనేజరు ఇర్ఫాన్ మరో ఘనుడు. ఆయన లెక్కలో మరమ్మతు అంటే కుర్చీలకు రంగు కొట్టించడం. పైన పటారం, లోన లొటారం. ఉక్కుతాడులో పోగులు తెగుతున్నాయని దస్తగిరికి తెలుసు. కానీ కొత్త లిఫ్టు వేస్తే, అమ్మిన కంపెనీ తన మెకానిక్కులనే తెచ్చుకుంటుంది. ఇతను ఆ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డు పోగొట్టుకుని ఇంటిదారి పట్టాల్సిందే. అందుకే ఇర్ఫాన్ అడిగినప్పుడల్లా, "ఇంకా పదేండ్లు ఢోకా లేదు సార్" అనేవాడు. ఆయనకు కావలసిందీ ఆ మాటే.

ఆ ఏడు భార్య మహబూబ్బీ విజిట్ వీసా మీద వచ్చింది. తన రాజ్యం ఆమెకు చూపించాలిగా! శుక్రవారం నాడు ఖమీస్‌లో తనకు తెలిసిన తెలుగువాళ్ళందరినీ పార్కుకు పిలిచాడు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఎక్కుతున్నారు. "ఏం భయం లేదక్కా, నేనుండా గదా" అంటూ ఒక్కొక్కరినీ తనే కూర్చోబెడుతున్నాడు.

మహబూబ్బీ వంతు వచ్చింది. బురఖా సర్దుకుని కూర్చోబోయింది.

"మేయ్, దిగు! నువ్వు ఎక్కొద్దు!" అని అరిచి, రెక్క పట్టి లాగేశాడు దస్తగిరి.

పైన వేలాడుతూ పోతున్న పిల్లల కాళ్ళ వంక చూసింది మహబూబ్బీ.

"ఏమయ్యా, మరి వాళ్ళనెట్లా ఎక్కిస్తివి?"

వరసలోని జనం వెనక్కి తిరిగారు. పైనున్నవాళ్ళు క్షేమంగా దిగారంటే అది వాళ్ళ అదృష్టమే. పెళ్ళాన్ని ఎక్కనివ్వని లిఫ్టని ఖమీసంతా పాకింది. మళ్ళీ ఒక్కరూ ఎక్కలేదు. ఇర్ఫాన్ మరోసారి రంగు కొట్టించి చూసి, చివరికి పాతదాన్ని విప్పించాడు.

మరుసటి ఏడు కొత్త లిఫ్టు వచ్చింది, వెంట దాని మెకానిక్కులూ వచ్చారు. ఇర్ఫాన్ దయతలచి దస్తగిరిని గేటు దగ్గర నిలబెట్టాడు. జనం కూర్చున్నాక వాళ్ళ ముందు కడ్డీ మూయడమే ఇప్పుడతని ఉద్యోగం. అప్పుడే మహబూబ్బీ మళ్ళీ వచ్చింది.

"ఇంక ఎక్కు మేయ్. ఇది గట్టిది, నాదీ పూచీ" అన్నాడు.

ఆమె కొత్త కుర్చీనీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"ఎక్కుదామనే వచ్చినా. నువ్వు గట్టిదంటాంటేనే భయమేస్తాంది."