పసుపు చీటీ మీద నా పేరు

ఉదయం ఆరుంబావుకు జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, సంచిలో ఆస్పత్రి ఫైలు ఉంది, గొంతు మాత్రం లేదు. ఎనిమిది నెలల క్రితం థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి నాకు గుసగుస తప్ప మాట రావడం లేదు. నేను ఒకటో తరగతి టీచర్ని. జూన్‌లో బడి తెరిచేలోగా గొంతు రాకపోతే క్లాసు తీసేసి ఆఫీసు పని ఇస్తామన్నారు. పిల్లలకు అఆలు చెప్పకుండా నేనెలా ఉండగలను?

ఈ ప్రయాణంలో పనులు రెండు. పదింటికి అమీర్‌పేటలో ఉపవాస ప్రార్థన, మూడింటికి పంజాగుట్టలో డాక్టరు. రెండోది మావారు పట్టుబట్టి రాయించిన అపాయింట్‌మెంట్. “ఇక గొంతు రాదు” అనే మాట వినాల్సి వస్తుందేమోనని నాలుగు నెలలుగా ఎగ్గొడుతూనే ఉన్నాను. ఈసారి కూడా డాక్టరు సెలవులో ఉన్నాడని ఇంట్లో చెప్పేద్దామనే అనుకున్నాను.

ఎదురు సీట్లో పూలగంపతో ఒకామె కూర్చుంది. “ఏడిదాక అక్కా?” అంది. అమీర్‌పేట అని గుసగుసగా చెప్పాను. “గట్ల చెవుల చెప్తవేంది? ఎవరన్న పండుకున్నరా?” అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను కానీ, ఘట్‌కేసర్ దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఎనిమిదింపావుకు సికింద్రాబాద్. ఉపవాసం కాబట్టి బండి మీది ఇడ్లీల వాసన దాటుకుని మెట్రో ఎక్కితే ఇరవై నిమిషాల్లో అమీర్‌పేటలో దింపింది. మెట్లు దిగానో లేదో, కంప్యూటర్ కోచింగ్ కుర్రాళ్ళు చేతిలో కాగితాలు కుక్కేశారు. “మేడం, పైథాన్ డెమో క్లాస్ ఫ్రీ!” యాభై ఒక్కేళ్ళ నన్ను చూసి ఆ ఆశ ఎలా కలిగిందో!

ప్రార్థన హాలు హాస్టళ్ళ సందులో, మూడో అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గర బల్ల మీద చీటీలు పెట్టారు. చూసుకోకుండా పైనున్నది లాక్కుని “సునంద, జనగామ, గొంతు” అని రాసి పెట్టెలో వేసి వెనక వరసలో కూర్చున్నాను. మా ప్రార్థనల సంగతి తెలిసిందే కదా, అందరం ఒక్కసారే గొంతెత్తి మొరపెడతాం. ఆ హోరులో నా గుసగుస నాకే వినబడలేదు. ఇక దేవుడికేం వినబడుతుంది? ఎనిమిది నెలలుగా ఆయన మీద నాకున్న కోపం ఇదే.

పదకొండున్నరకు పాస్టరుగారు మైకులో చదివారు. “జనగామ నుంచి వచ్చిన సహోదరి సునంద, గొంతు స్వస్థత గురించి సాక్ష్యం చెబుతారు. దేవునికి స్తోత్రం!” చప్పట్లు మోగాయి. వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరి బల్ల మీద అంటించిన కాగితం చదివాను. విన్నపానికి తెల్ల చీటీ, జరిగిన మేలు చెప్పే సాక్ష్యానికి పసుపు చీటీ అట. నేను రాసింది పసుపు చీటీ మీద!

పక్కనున్న పెద్దావిడ “వెళ్ళండమ్మా, సిగ్గేంటి?” అని లేపి పంపింది. మైకు ముందు నిలబడ్డాను. “తప్పు చీటీ రాశానయ్యగారూ. నాకింకా బాగవలేదు.”

గుసగుసే, కానీ మైకులో హాలంతా వినబడింది. “ఫర్వాలేదమ్మా, ఉన్నదే చెప్పండి” అన్నారాయన. చెప్పాను. కోపం చెప్పాను, భయం చెప్పాను, డాక్టరును ఎగ్గొట్టబోతున్న సంగతి కూడా చెప్పేశాను. “దేవుడికి నా మాట వినబడట్లేదు” అంటుండగానే ఎవరో నా పక్కనే, అతి దగ్గరగా, ముందునుంచీ అన్నీ వింటూ నిలబడి ఉన్నట్టు తెలిసింది. చూశానని చెప్పను. కానీ అంత స్పష్టంగా నాకు ఇంకేదీ ఎప్పుడూ తెలియలేదు. ఒంట్లో భయమంతా దిగిపోయింది. ఏడుస్తూ నవ్వాను.

“ఇయ్యాల మనందరం అక్క లెక్కనే ప్రార్థన చేద్దాం” అన్నారు పాస్టరుగారు. అంత హాలూ గుసగుసగా నా కోసం అడిగింది. అయ్యో, ఎంత సంతోషం!

ఒంటిగంటకు అక్కడే పెట్టిన కిచిడీ, పచ్చిపులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. మెట్రోలో ఒక్క స్టేషనే పంజాగుట్ట. మూడింటికి ముందే ఆస్పత్రిలో ఉన్నాను. డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం దించి, “‘ఈ’ అనండమ్మా” అన్నాడు. అన్నాను. సుద్దముక్క పలక మీద గీసుకున్నట్టు చిన్న శబ్దం వచ్చింది!

“స్వరతంత్రి కదులుతోంది. రోజూ గొంతుకు వ్యాయామం చేయాలి, టైం పడుతుంది. నాలుగు నెలల కిందే ఎందుకు రాలేదు?” అన్నాడు. ఆ కదలిక ఎప్పుడో మొదలై ఉండొచ్చని కూడా అన్నాడు. నేను వాదించలేదు. నా కాళ్ళు ఆ గదిలోకి వాటంతటవే నడవడమే నాకు జరిగిన స్వస్థత.

అయిదూ నలభైకి తిరుగు రైలు. మీరెవరైనా ఆ హాలుకు వెళ్తే చీటీ రంగు చూసుకుని రాయండి, లేదా చూసుకోకండి. దేవుణ్ణి కలవడానికి పెద్ద గొంతు అక్కర్లేదని మాత్రం నేను చూసి వచ్చి చెబుతున్నాను.

ఏడున్నరకు జనగామలో మావారు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చి, నా చెవిలో గుసగుసగా, “డాక్టరు ఏమన్నడు?” అని అడిగారు. ఎనిమిది నెలలుగా ఈయన కూడా ఇంట్లో నాతో ఇలాగే మాట్లాడుతున్నారని అప్పుడు గమనించాను.

“గట్టిగ మాట్లాడుండ్రి,” అన్నాను బొంగురుగా. “గొంతు పోయింది నాది, మీది కాదు గద!”