సుగంధి కొట్టేయని మసక

హోసూరు ఫౌండ్రీలో సుగంధిది చూపు పని. పోతపోసిన ఇనుప భాగాలకు ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్మును దీపం పెట్టె మీద పరిచి, లోపల బొక్కా బీటా లేవని తేల్చుకున్నాకే సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని.

ఒక ఆదివారం కెలమంగలంలో అక్క ఇంటికి పోయింది. అక్క కూతురు దివ్యశ్రీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. లాప్‌టాప్‌లో ఏదో నల్లటి బొమ్మ ముందేసుకుని కూర్చోనుంది.

"ఇది ఏ ఫ్యాక్టరీ ఫిల్మమ్మా?"

"ఫిల్మ్ కాదు చిన్నమ్మా. రేడియో టెలిస్కోపుతో తీసిన గెలాక్సీ." దివ్యశ్రీ నడిమి చుక్కను చూపించింది. "ఈడ పెద్ద బ్లాక్ హోల్ ఉంది. దాంట్లోకి పడబోయే పదార్థంలో కొంత, రెండు పక్కలకీ ధారలుగా చిమ్ముతుంది. లక్షల కాంతి సంవత్సరాల దూరం పోయి, కొసల్లో ఇట్లా ఉబ్బుతుంది."

సుగంధి చూపు ఆ ఉబ్బుల దగ్గర ఆగలేదు. వాటికి చాలా అవతల, రెండు వైపులా పలచటి మసక ఉంది.

"ఆడుండేది ఏమి?"

"నాయిస్, అంటే ఉత్త రొద. మా గైడు మేడం కొట్టేయమన్నారు."

సుగంధి తెరకు దగ్గరగా జరిగింది. పన్నెండేళ్ల కింద ఒక ఫిల్ములో ఇట్లాంటి మసకే చూసింది. సూపర్‌వైజరు, "దుమ్ము. సంతకం పెట్టు," అన్నాడు. పెట్టింది. ప్రెషర్ టెస్టులో ఆ భాగం పగిలి, ఫిట్టరు శేషప్పకు కుడిచేతి వేళ్లు మూడు పోయినాయి. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకే అది ఆమెలోనే ఉండిపోయింది.

"దుమ్మయితే ఒక ఫిల్ములోనే ఉంటుంది. ఇంకోటి తియ్యి," అంది.

తక్కువ ఫ్రీక్వెన్సీలో తీసిన బొమ్మ తెరిచింది దివ్యశ్రీ. అందులో ఆ మసకే బాగా తేలింది. లోపలి ఉబ్బుల జతకు సరిగ్గా అదే వరసలో, ఇంకో పెద్ద జత.

దివ్యశ్రీ గొంతు తగ్గింది. "ఇవి పాతవి చిన్నమ్మా. ఆ ధార ఒకసారి ఆగిపోయింది. ఎన్ని లక్షల ఏళ్లకో మళ్లీ మొదలైంది. పాతవాటి శక్తి కరిగిపోతా ఉంది, అందుకే ఇంత మసక."

దివ్యశ్రీ చెప్పగా మేడం ఇంకో ఇద్దరితో సరిచూయించి, నెల తరువాత సుగంధికి ఫోన్ చేశారు. "మేమంతా కొట్టేసినాము. మీరెట్లా పట్టినారమ్మా?"

"ఒకసారి నేనూ కొట్టేసినాను మేడం. ఒకాయన వేళ్లు పోయినాయి."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. తరువాత మేడం, ఇంకా నలభై బొమ్మలున్నాయి, చూస్తారా అని అడిగారు.

"పంపండి మేడం," అంది సుగంధి. "నిదానంగా చూస్తాను."