ముఖానికి మందు

అల్ ఐన్ వెళ్ళే బస్సు ఎక్కేముందు ముఖం కడుక్కున్నాను. ముఖానికి రాసుకునే కొరియన్ ఎసెన్స్‌ని చర్మం తడి ఆరకముందే పట్టించాలి. అందుకే కిటికీ పక్కన కూర్చోగానే నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని చెంపల మీద మెల్లగా తట్టుకుంటున్నాను. పక్క సీటాయన సైటు నుంచి వస్తున్నట్టున్నాడు, బూట్ల నిండా సిమెంటు. అంతకుముందు బస్సు క్యూలో నా ఫోన్ మాటలు విని తెలుగువాణ్ణని పోల్చుకున్నాడు.

"ఏందది తమ్మీ?"

మగవాణ్ణయ్యుండి, ముఖం నిగనిగలాడాలని కొనుక్కున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

"చర్మానికి జబ్బు. మందు, అన్నా."

"అయ్యో. మరి ఎండ తగలొద్దు గదా. ఇటు జరుగు."

వద్దంటున్నా వినకుండా నన్ను తన సీట్లోకి జరిపి, కిటికీ పక్కన తను కూర్చున్నాడు. ఆ కిటికీకి పరదా లేదు. దారి పొడవునా మధ్యాహ్నపు ఎండ ఆయన చెంప మీదే పడింది. అప్పటికే అది మాడి, పొట్టు లేచి ఉంది. "పర్లేదన్నా, సీట్లు మారుదాం" అని రెండుసార్లు అన్నాను. నిజం మాత్రం చెప్పలేదు.

దిగేటప్పుడు భుజం తట్టాడు. "తగ్గుతది తమ్మీ, ఫికర్ చెయ్యకు."

గదికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. సీసా మీద రాసినట్టే, ముఖం నిగనిగలాడుతోంది.