పసుపు కొమ్ముకున్న రంగే చాలు

మొన్న కోడలు దుకాణం నుంచి తెచ్చిన పసుపు పాకెట్ విప్పితే వంటిల్లంతా పచ్చటి వెలుగు. వాసన మాత్రం లేదు. ముక్కుకు ఆనించి చూసినా లేదు. శోభ మేడం యాదికొచ్చింది. వెంటనే ఆ పాకెట్ మీద కోపం కూడా వచ్చింది.

అప్పట్లో నేను కోరుట్లలో పసుపు పాలిష్ పట్టే షెడ్డుకు కూలికి పోయేదాన్ని. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పొట్టు రాలి నున్నగైతయి. ఆఖరుకు షెడ్డు సేటు మనిషి ఒక సంచిలోంచి పచ్చటి పొడి చల్లుతడు, కొమ్ములు పెండ్లికి తయారైనట్టు మెరుస్తయి. పొద్దుగూకినంక నేల మీద రాలిన పొడిని మేం ఆడోళ్లం ఊడ్చి కొంగున కట్టుకునేది. పసుపును కాళ్ల కింద తొక్కొద్దు, పెంట మీద పారెయ్యొద్దు అని మా అవ్వ చెప్పేది. పైగా ఊరికే వచ్చింది. జల్లెడ పట్టి కూరల్లో వేసేది. సేటు తన ఇంటికి పోయే మూటకు మాత్రం ఆ పొడి తగలనిచ్చేటోడు కాదు. రంగు దండుగని పొదుపు చేస్తుండనుకున్నం.

తిండిలో, నీళ్లలో ఏ విషాలు కలుస్తున్నయో, అవి మనిషి ఒంటికి ఏం చేస్తయో పరిశోధించే పెద్ద చదువుల మనిషి శోభ మేడం. మా వాడకు వచ్చిన రోజు మా ఇంట్లో చాప మీద కూర్చున్నది. సిరిసిల్లకు ఇచ్చిన నా బిడ్డ రమ తొలి పురుటికి వచ్చి, ఏడో నెల కడుపుతో పసుపు పాలు తాగుతున్నది.

“ఈ పసుపు ఎక్కడిదమ్మా?”

“షెడ్డుది మేడం. పైస పెట్టలే,” అన్న గొప్పగా.

ఆమె చెంచాడు పసుపు సంచిలో పోసుకుని, మా ఇద్దరి నెత్తురు తీసుకున్నది.

“తీస్కపోయినోళ్లు మళ్ల రారు మేడం. పరీక్షకని బోరు నీళ్లు పట్కపోయినోళ్ల మొఖం గిప్పటిదాక కానరాలే,” అన్న.

“నేనొస్తనమ్మా,” అన్నది.

వచ్చింది. ఏ ఆఫీసుకూ పోకముందు మా గడపకే వచ్చింది. “పసుపులో సీసం ఉన్నది. మెరవాలని కలుపుతున్నరు. మీ నెత్తురులో కూడా ఉన్నది. ఇయ్యాల్టి నుంచి ముట్టుకోవద్దు.”

రమ రెండు చేతులు కడుపు మీద పెట్టుకున్నది. “నా కడుపుల పిల్లకు ఏమైతది మేడం?”

“సీసం పిల్లల మెదడుకు మంచిది కాదు బిడ్డా. నీ పిల్లకు ఏమైతదో మాత్రం నాకు తెల్వదు. తెల్వంది చెప్ప,” అని రమ చెయ్యి పట్టుకున్నది. ధైర్యానికి ఒక అబద్ధమన్నా చెప్పకపాయె అని ఆ పూట నాకు ఆమె మీదే మంట లేచింది.

తెల్లారి ఆమెను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయిన. మా ఇంట్ల మాట అప్పటికే చెవిన పడ్డదేమో, సేటు నవ్విండు. “మేడమే తెల్వదంటున్నదట గదా! నీ లొల్లి ఏందవ్వా? మెరవకుంటె మీ ఆడోళ్లే కొనరు.”

“తెల్వదన్నది ఆ పిల్ల సంగతి,” అన్నది మేడం, గొంతు పెంచకుండా. “నువ్వు కలిపింది నాకు తెల్సు.”

“మరి మీ ఇంటి మూటకెందుకు చల్లవు సేటూ?” అని అడిగిన. అడిగేదాక ఆ ప్రశ్న నా లోపల ఉన్నదని నాకే తెల్వదు. సేటు నవ్వు ఆగిపోయింది. మర్నాటి నుంచి నన్ను పనికి రానియ్యలేదు. పసుపని కండ్లకద్దుకునేటోళ్ల చేతనే విషం ఊడ్పించి, వాళ్ల కడుపుకే పెట్టించిండు. యాదికొస్తే ఇప్పటికీ పండ్లు కొరుకుత.

మనుమరాలు పుట్టింది. మాటలు మాత్రం చానా ఆలస్యంగా వచ్చినయి. సీసం వల్లనేనా అని మేడంను అడిగితే, “కావచ్చు. అదేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను,” అన్నది. అప్పుడు మాత్రం మంట లేవలేదు. అంత నికరంగా మాట్లాడే మనిషిని నేను మళ్ల చూడలేదు. పోయినేడు ఆమె కాలం చేసింది.

ఇప్పుడు నేను మెరుపు లేని కొమ్ములే కొని దంచుకుంట. మొన్నటి పాకెట్ పట్టుకుని, సెలవులకు వచ్చిన మనుమరాలిని తోలుకుని దుకాణానికి పోయిన.

“దీంట్ల ఏం కలిపిండ్రు?”

“నాకేం తెల్సు పెద్దమ్మా? కంపెనీవోడు పంపిండు.”

“తెల్వదని చెప్పుడు మంచిదే. తెల్వందాన్ని తినుమని అమ్ముడేంది?”

వెనక నిలబడ్డోళ్లు గొణిగిండ్రు. పిల్ల నా కొంగు గుంజింది. సిగ్గుపడి ఇంటికి పోదామంటదనుకున్న. అది ముందుకు జరిగి, ఒక్కో మాట కూడబలుక్కుంట అడిగింది:

“అన్నా... మీ ఇంట్ల... గిదే వాడుతరా?”