పార పటాలం కట్టిన గడ్డ

సుక్మా అడవుల్లో కిష్టారం దారికి ఇంకా తారు తగలని రోజుల్లో, యూనిఫాం వేసుకున్న ప్రతివాడి చేతిలోనూ తుపాకీ ఉంటుందని లోకం నమ్మేది. లోకం దాకా ఎందుకు, నేనే నమ్మాను. కిరండూల్ రైలు పట్టాల మీద సమ్మెట కొట్టే గ్యాంగ్‌మన్‌కి కొడుకుగా పుట్టి, "చచ్చినా పారా సమ్మెటా ముట్టను" అని శపథం చేసి మరీ బలగంలో చేరాను. శిక్షణ ముగించుకుని క్యాంపుకి వెళ్లిన మొదటి రోజే నా చేతికి పార ఇచ్చారు. అడవిలో యుద్ధం జరుగుతుంటే దానికి దారులు వేయడం, ఇసుక బస్తాలు నింపడం, వాగుల్లో రాళ్లు పరచడం మా ముప్పై మంది పని. మిగతా జవాన్లు మమ్మల్ని ఫావడా పల్టన్ అనేవారు, అంటే పార పటాలం. సిగ్నల్ అందే గుట్ట ఎక్కి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "ఏటి నాన్నా, తుపాకీ బరువుగున్నాదేటి?" అని అడిగేది. "సానా బరువమ్మా" అనేవాణ్ణి, అరచేతి బొబ్బలు ఊదుకుంటూ. (అబద్ధం కాదు. బరువు నిజమే, వస్తువే వేరు.)

మా పై అధికారిని చాటుగా ఉడుం సాబ్ అనేవాళ్లం. తప్పు పట్టుకున్నాడంటే వదిలేవాడు కాదు. అప్పటికే నావి రెండు దొరికాయి. సిమెంటు బస్తాలు వానలో వదిలేయడం ఒకటి, సాబ్ స్నానానికి కాచుకున్న నీళ్లతో ఆ మిగిలిన సిమెంటు కలిపేయడం ఇంకొకటి. "ఔర్ ఏక్ గల్తీ, తో సీధా ఘర్" అన్నాడు. ఇంకొక్క తప్పు చేస్తే నేరుగా ఇంటికే. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పోగొట్టుకుని కిరండూల్ వెళితే నాన్న ఒక్క మాటా అనడు, సమ్మెట తెచ్చి చేతిలో పెడతాడు. నాకు నిజంగానే నిద్ర పట్టేది కాదు. అందుకే నా విలువ పెంచుకుందామని, "సాబ్, నాకు నాలుగు భాషలొచ్చు, ఊరివాళ్లతో నేను మాట్లాడతాను" అంటూ ముందుకు దూకాను. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాం గానీ, ఎవరూ అడక్కుండా మద్దెల మెడకు తగిలించుకున్నవాణ్ణి నేనే.

వానలు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. వాగు మీద రాళ్లతో రప్టా వేస్తున్నాం. ఎండాకాలం బండ్లు దాటడానికీ, వానాకాలం నీళ్లు పైనుంచి పోవడానికీ పనికొచ్చే పొట్టి కట్ట అది. ఇంకా సగమే అయింది. అవతలి ఊరి జనం మాతో పనికి వచ్చేవారు, వాళ్లందరికీ పెద్ద ఒక పెద్దవ్వ. ఆ ఊరికి వానాకాలమంతా సరిపడే రేషన్ బియ్యం ట్రాక్టర్లో వచ్చి, దాటే దారి లేక ఇవతలి ఇసుకలోనే దిగింది. మర్నాడు మోసుకుపోవాలి. బియ్యం దిగిన రోజు పొద్దున్నే సాబ్ ఒడ్డున కర్రతో గీత గీసి, "యహాఁ గడ్ఢా చాహియే, ఆద్మీ జిత్నా" అన్నాడు. కాపలా జవాను దిగి నిలబడడానికి నిలువెత్తు గొయ్యి కావాలన్నమాట. మా ఇంట్లో గొయ్యిని గొయ్యనే అంటాం. కానీ క్యాంపు హిందీలో నానిపోయిన నా నాలుక ఆ మాటను అలాగే పెద్దవ్వకి అందించింది.

"అవ్వా, ఇక్కడ గడ్డా కావాలి. మనిషంత."

పెద్దవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది బిడ్డా, గడ్డనా?"

"గడ్డే."

"మనిషంతనా?"

"మనిషంత. సాబ్ హుకుం."

"సరే తియ్. సాబ్ హుకుమైతే మనకేంది" అని కొంగు బిగించింది. నేను రాళ్లకోసం ట్రాక్టరెక్కి పోయాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి, సాబ్ గీత గీసిన చోట అడుగున రాళ్లు పేర్చి, మన్ను దిమ్మిస కొట్టి, పైన నాలుగైదు మంచాలు వేసుకునేంత చదును చేసిన దిబ్బ నిలబడి ఉంది, సరిగ్గా మనిషంత. (పనితనానికి వంక పెట్టడానికి లేదు.) హిందీలో గొయ్యి అయిన మాట తెలుగులో మెరక అవుతుంది. నేను తెలుగువాణ్ణి కాబట్టి నా మాటను వాళ్లు తెలుగులో విన్నారు. సాబ్ దిబ్బ పక్కనే ఉన్నాడు. "గడ్ఢా మాంగా, తూనే పహాడ్ ఖడా కర్ దియా!" అని అరిచాడు. గొయ్యి అడిగితే కొండ నిలబెట్టావట. "మన్ను తీసిన చోట గొయ్యి ఉండే ఉంటుంది సాబ్" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. "బిస్తర్ బాంధ్!" అన్నాడు. పరుపు చుట్టుకోమని.

ఏడుపు దిగమింగుకుని పరుపు చుట్టి, ఒడ్డుకు తెచ్చి, వెనక్కి పోయే ట్రాక్టర్ కోసం నిలబడ్డాను. మా నెత్తిన ఎండ, ఎగువ కొండల మీద మాత్రం కాటుక మబ్బు. ఉన్నట్టుండి వాగు ఎర్రటి నురగతో, ఆకులూ కొమ్మలతో పొంగుకొచ్చింది. "బియ్యం గడ్డకెక్కియ్యుండ్రి!" అని పెద్దవ్వ పెట్టిన కేకకి ఊరూ పటాలమూ ఒక్కసారిగా కదిలాయి. నేనెన్ని బస్తాలు మోశానో నాకే తెలియదు. సాబ్ కూడా టోపీ వాగుకి వదిలేసి మోకాలి లోతు నీళ్లలో బస్తాలందించాడు. కాసేపటికి గొయ్యి ఉండాల్సిన చోట నడుం లోతు నీళ్లు తిరుగుతున్నాయి. దిబ్బ మీద బియ్యం, బియ్యం మీద పెద్దవ్వ, ఆమె పక్కన కాళ్లు ముడుచుకుని ఉడుం సాబ్. ఒక్క బస్తా తడవలేదు. నా పరుపు మాత్రం నా కళ్లముందే శబరి నది వైపు ప్రయాణం కట్టింది.

సాబ్ ఆ నీళ్లను చూసి, నావైపు తిరిగాడు. "సోచ్ కే కియా థా?" ఆలోచించే చేశావా అని.

"జీ సాబ్!" అన్నాను, సెల్యూట్ కొట్టి. పార పటాలం నన్ను భుజాలకెత్తుకుంది. ఉద్యోగం ఖాయమైంది. ఆ వారమంతా నేను భూమికి జానెడు ఎత్తున నడిచాను.

వాగు తగ్గాక బియ్యం అవతలికి చేరవేస్తుంటే, రొమ్ము విరుచుకుని పెద్దవ్వకి అడ్డం నిలబడ్డాను. "చూశావా అవ్వా, నా గడ్డ!"

ఆమె తలమీద మూట సర్దుకుంది. "సుక్మా రోడ్డు పనికి ఎన్నేండ్లు పోయిన బిడ్డా. గడ్ఢా అంటే ఏందో నాకెర్కలేదా?"

"మరి?"

"వాగు పక్కన గుంత తవ్వుమనేటోడు, నేను వద్దంటే ఇంటడా? జర జరుగు, మూట బరువున్నది."

జరిగాను. కొత్తగా వచ్చే కుర్రాళ్లకు ఇన్నేళ్లుగా ఈ కథ నా ముందుచూపుగానే చెబుతూ, ఈ చివరి ముక్క మాత్రం మింగేస్తూ వచ్చాను. సాబ్ ముందు ఒళ్లంతా బురదతో సెల్యూట్ కొట్టి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ గెలుపు వాడిది కాదని తెలిసినా, వాడి దగ్గర్నుంచి లాక్కోవడానికి మాత్రం నాకు మనసు రాదు.